గోడ మీద రెండో గడియారం



తునిలో మా ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన గోడకి రెండు గడియారాలున్నాయి. ఒకటి నాన్న కొన్నది, పాతది. అది మన టైము చూపిస్తుంది. రెండోది తమ్ముడు డాలస్ వెళ్ళిన ఏడాది అమ్మ కొని, పక్కనే మేకు కొట్టించి తగిలించింది. దాని కింద పాత క్యాలెండరు కాగితం వెనక వైపు స్కెచ్ పెన్నుతో ‘డాలస్’ అని రాసి అంటించింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఆ గడియారం వంక ఒకసారి చూస్తుంది. “ఆఫీసు నుంచి వచ్చుంటాడు” అనుకుంటుంది. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటూ మళ్ళీ చూస్తుంది. “పడుకున్నాడు” అనుకుంటుంది. లెక్కలు వేయదు, చూస్తుంది, అంతే.

ఈ రోజు నేను మాట్లాడబోయేది కంప్యూటరు తెర మీద ఒకటికి మించి గడియారాలు పెట్టుకోవడం గురించి. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ సపోర్టు పని చేస్తాను. నా తెర అంచున ఉండే పట్టీలో, దాన్ని టాస్క్‌బార్ అనండి, స్టేటస్ బార్ అనండి, నాలుగు టైములు వరసగా కనిపిస్తుంటాయి. హైదరాబాదు, లండన్, షికాగో, సిడ్నీ. డాలస్‌కీ షికాగోకీ ఒకటే టైము. ఈ ఏర్పాటు నేను ఏ పుస్తకంలోనూ చదివి చేసుకున్నది కాదు. అమ్మ గోడని చూసి చేసుకున్నాను.

పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ప్రతి తెలుగింట్లో ఒక లెక్క ఉంటుంది. “పగలుని రాత్రి చెయ్యి, అరగంట కలుపు” అనేది మా ఇంటి లెక్క. మనకి సాయంత్రం 7 అయితే డాలస్‌లో పొద్దున 7:30. కాలిఫోర్నియాలో కూతురున్న మా పక్కింటి పిన్నిగారిది ఇంకో లెక్క: “పగలుని రాత్రి చెయ్యి, అరగంట తీసెయ్యి.” మనకి రాత్రి 9:30 అయితే అక్కడ పొద్దున 9. కువైట్‌లో అల్లుడున్న వాళ్ళకి రెండున్నర గంటలు తీసేస్తే చాలు, దుబాయ్ అయితే గంటన్నర. ఎవరి లెక్క వాళ్ళకి నోటికొచ్చు.

లండన్ లెక్క వీటన్నిటికంటే అందమైనది. ముళ్ళున్న చేతి గడియారం దగ్గరుంటే ఇప్పుడే చేసి చూడండి. మనకి మధ్యాహ్నం 3 గంటలయిందనుకోండి. పెద్ద ముల్లు 12 మీద, చిన్న ముల్లు 3 మీద ఉంటాయి. ఇప్పుడు గడియారాన్ని తలకిందులు చేయండి. పెద్ద ముల్లు 6 ఉండే చోటికీ, చిన్న ముల్లు 9 ఉండే చోటికీ వస్తాయి. అంటే 9:30. లండన్‌లో ఆ సమయానికి సరిగ్గా పొద్దున 9:30. మనకీ వాళ్ళకీ తేడా అయిదున్నర గంటలు. అయిదున్నర అంటే గడియారపు ముఖాన్ని సగం తిప్పడమే. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఎవరో చూపిస్తే వారం రోజులు కనిపించిన వాళ్ళందరికీ చూపించాను.

గల్ఫ్ లెక్కలు తప్ప మిగతా వాటన్నిటికీ ఒకటే రోగం. ఏడాదిలో కొన్ని నెలలు నిజం, కొన్ని నెలలు అబద్ధం.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తారు. 2007 నుంచి ఈ తేదీలే నడుస్తున్నాయి. ఐరోపాలో మార్చి చివరి ఆదివారం ముందుకి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి. ఆస్ట్రేలియా భూగోళానికి అవతలి సగంలో ఉంది కాబట్టి అక్కడ తిరగేసి, అక్టోబరు మొదటి ఆదివారం ముందుకి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. అందులోనూ సిడ్నీ మారుతుంది, బ్రిస్బేన్ మారదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం దాదాపుగా మారదు, పక్కనున్న కాలిఫోర్నియా మారుతుంది. గల్ఫ్‌కి ఈ బాధ లేదు. మనకీ లేదు. మార్చిలో అమెరికా మారాక ఐరోపా మారేలోపు రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వారాల్లో లండన్‌కీ షికాగోకీ మధ్య ఎప్పుడూ ఉండే ఆరు గంటల తేడా అయిదయిపోతుంది. లండన్ వాళ్ళతో, షికాగో వాళ్ళతో ఒకే ఫోన్లో మాట్లాడే మాలాంటి వాళ్ళకి ఏడాది మొత్తంలో కష్టమైన రోజులవే.

అమ్మ గోడ మీద గడియారానికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఒక మార్చిలో ఎవరూ చెప్పలేదు. అమ్మ రోజూ రాత్రి 8 గంటలకి తమ్ముడికి ఫోన్ చేస్తుంది. అప్పుడు వాడికి పొద్దున 8:30, కారులో ఆఫీసుకి వెళ్తూ మాట్లాడతాడు. ఆ సోమవారం అమ్మ ఫోన్ చేసేసరికి వాడికి 9:30. మీటింగులో ఉండి కట్ చేశాడు. తీరిక చేసుకుని తిరిగి చేసేసరికి ఇక్కడ అమ్మ నిద్రపోయింది. మంగళవారమూ అంతే. బుధవారం అమ్మ నాకు ఫోన్ చేసి, “వాడికి ఏదో అయింది, మీరు నాకు చెప్పట్లేదు” అంది. ఆ గొంతు నాకింకా గుర్తుంది. జరిగిందల్లా ఒక గంట జరగడమే. ఆ గంట అమ్మకి మూడు రోజుల దిగులు పెట్టింది.

నాకూ ఒక మార్చిలో దెబ్బ తగిలింది. ప్రతి మంగళవారం డాలస్ టైము పొద్దున 9 గంటలకి ఒక కస్టమరుతో మీటింగు. అప్పటికే నా కంప్యూటర్లో రెండో గడియారం పెట్టుకున్నాను, అది చూసుకుని ధైర్యంగా కూర్చున్నాను. నా గడియారం ప్రకారం సరిగ్గా 9 గంటలకి లైనులోకి వెళ్తే అక్కడ ఎవరూ లేరు. మీటింగు గంట కిందటే మొదలైపోయి, ముగిసిపోయింది. పరిశీలిస్తే తప్పు నాదే. విండోస్ టైమ్ జోన్ల జాబితాలో ‘సెంట్రల్ అమెరికా’ అని ఒకటి ఉంటుంది. ఆ దగ్గరలోనే ‘సెంట్రల్ టైమ్, యూఎస్ అండ్ కెనడా’ అని ఇంకొకటి ఉంటుంది. రెండిటి పక్కనా ఒకే అంకె, మైనస్ 06:00. డాలస్‌కి పెట్టాల్సింది రెండోది. మొదటిది గ్వాటెమాల లాంటి దేశాలది, అక్కడ గడియారాలు జరపరు. నవంబరు నుంచి మార్చి దాకా రెండూ ఒకే టైము చూపిస్తాయి కాబట్టి తప్పు బయటపడదు. నేను అంకె చూసి ఎంచుకున్నాను, పేరు చదవలేదు.

ఈ రోజు నేను ఇక్కడికొచ్చి చెప్పాలనుకున్న మాట ఇదే. గంటల తేడాని గుర్తుపెట్టుకోకండి. ఊరిని గుర్తుపెట్టుకోండి. కంప్యూటరుకి కూడా అంకె ఇవ్వకండి, ఊరి పేరు ఇవ్వండి.

అంకె ఎందుకు పనికిరాదో చెప్తాను. మన పక్కనే ఉన్న శ్రీలంక 1996లో గడియారాన్ని గంట ముందుకి జరిపి, అదే ఏడాది అరగంట వెనక్కి తెచ్చి, 2006లో మళ్ళీ మన టైముకే వచ్చింది. పసిఫిక్ సముద్రంలో సమోవా అనే ద్వీప దేశంలో 2011 డిసెంబరు 30వ తేదీ లేనే లేదు. తేదీ రేఖకి అటునుంచి ఇటు మారడం కోసం 29 రాత్రి పడుకున్న వాళ్ళు 31న లేచారు. నేపాల్ 1986 నుంచి మనకంటే పావుగంట ముందుంటోంది. ప్రభుత్వాలు నిర్ణయాలు మార్చుకుంటాయి, అంకె మారుతుంది. ఊరు ఉన్న చోటే ఉంటుంది.

అందుకే కంప్యూటర్ల లోపల టైమ్ జోన్లకి ఊళ్ళ పేర్లు పెట్టారు. 1980లలో అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ప్రోగ్రామరు ప్రపంచంలోని ప్రాంతాల టైము మార్పులన్నీ ఒక చోట చేర్చడం మొదలుపెట్టారు. ఆ తరవాత ఆ బాధ్యత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే పాల్ ఎగ్గర్ట్ చేతికి వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి తెలిసిన వాళ్ళు, “మా దేశంలో ఫలానా తేదీ నుంచి టైము మారుతోంది” అని రాసి పంపుతుంటారు. దాన్ని సరిచూసి అందులో చేరుస్తారు. డబ్బు తీసుకోకుండా అందరికీ ఇస్తారు. లినక్స్ కంప్యూటర్లు, ఆపిల్ కంప్యూటర్లు, మన చేతుల్లోని ఫోన్లు అన్నీ ఈ జాబితా మీదే నడుస్తాయి. విండోస్‌కి మాత్రం సొంత జాబితా ఉంది. ఓల్సన్ మొదలుపెట్టిన జాబితాలో పేర్లు ఖండం, ఆ తరవాత ఊరు అనే పద్ధతిలో ఉంటాయి. మనది ఆసియా, కోల్‌కతా. హైదరాబాదు వాళ్ళకి, విజయవాడ వాళ్ళకి కోల్‌కతా పేరెందుకని చాలామంది నన్ను అడిగారు. ఒక ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద ఊరి పేరు పెట్టడం ఆ జాబితా తయారుచేసిన వాళ్ళ పద్ధతి, అంతకు మించి ఏమీ లేదు. మొదట్లో అది కలకత్తా అనే ఉండేది, ఇప్పటికీ ఆ పాత పేరు ఇచ్చినా పనిచేస్తుంది.

ఊరిని బట్టి కాలం అన్న మాట మనకి కొత్త కాదు. పంచాంగం చేసేది అదే. తిథిని మనం స్థానిక సూర్యోదయాన్ని బట్టి చూస్తాం. శ్రీకాకుళంలో సూర్యుడు ఉదయించిన సుమారు 20 నిమిషాలకి గాని హైదరాబాదులో ఉదయించడు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు మన పంచాంగం చూసి ఏకాదశి చేస్తే ఒక్కోసారి రోజు తప్పుతుంది. అందుకే అక్కడి ఊళ్ళకి వేరే పంచాంగాలు గణించి వేస్తున్నారు. దేశమంతటికీ ఒకే గడియారం అన్నదే నిజానికి తరవాత వచ్చింది. రైళ్ళు వచ్చాక చాలాకాలం అవి మద్రాసు టైము మీద నడిచాయి. 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశాన్ని పట్టుకుని దేశానికంతటికీ ఒక టైము పెట్టారు. అయినా కలకత్తా 1948 దాకా తన సొంత టైము వదల్లేదు. ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా వచ్చి, కిందికి దిగి, మన కాకినాడ, తుని చుట్టుపక్కల సముద్రంలో కలుస్తుంది. మా బళ్ళో సోషల్ మాస్టారు గ్లోబు మీద వేలు పెట్టి, “దేశం గడియారం మన ఊరి మీదుగా పోతోందిరా” అని చెప్పినప్పుడు క్లాసంతా కిటికీలోంచి బయటికి చూశాం.

మనమూ ఒకసారి గడియారాలు జరిపాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా, మన దేశంలో గడియారాలు గంట ముందు నడిచాయి. ఆ మూడేళ్ళలో పుట్టిన వాళ్ళ జాతకం రాసేటప్పుడు సిద్ధాంతిగారు ఒక గంట తీసేసి లగ్నం కట్టాలి. మా పెద్దనాన్న 1943లో పుట్టారు. ఆయన జాతక చక్రం పక్కన ‘వార్ టైమ్’ అని తెలుగు అక్షరాల్లోనే రాసి, గంట తీసేసిన లెక్క ఉంది. ఒకరోజు కుతూహలం కొద్దీ నా లినక్స్ కంప్యూటరుని 1943లో ఒక తేదీ ఇచ్చి, కోల్‌కతా టైము చెప్పమని అడిగాను. లండన్‌లోని గ్రీనిచ్ టైము కంటే ఆరున్నర గంటలు ముందని చెప్పింది. అయిదున్నర కాదు, ఆరున్నర. మా ఊరి సిద్ధాంతిగారు కాగితం మీద వేసిన లెక్కే, ఎక్కడో అమెరికాలో ఎవరో పదిలంగా రాసిపెట్టారు. ఆ పనికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది. విచిత్రం ఏమిటంటే, 2011లో ఈ జాబితా మీద కోర్టుకెక్కింది జ్యోతిషం సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక అమెరికా సంస్థ. నెలల్లోనే ఆ దావా వెనక్కి తీసుకుంది. ఆ ఏడాదే జాబితా బాగోగులు ఐయానా అనే అంతర్జాతీయ ఇంటర్నెట్ సంస్థ నీడలోకి వెళ్ళాయి.

ఇక లినక్స్ కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. దాని కడుపులో నాలుగు గడియారాలు ఉండవు. ఒకటే లెక్క ఉంటుంది. 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి ఇప్పటికి ఎన్ని సెకన్లయ్యాయన్నదే ఆ లెక్క. ఆ క్షణం మనకి తెల్లవారి 5:30. పాడైన ఫోటోకో, తేదీ పోగొట్టుకున్న ఫైలుకో మీ ఫోన్లో ‘1970 జనవరి 1, ఉదయం 5:30’ అని కనిపిస్తే కంగారు పడకండి, అక్కడ సున్నా ఉందని అర్థం. పట్టీలో టైములు రాసే చిన్న ప్రోగ్రాము నిమిషానికి ఒకసారి మేలుకుని, “నేను షికాగోలో ఉన్నాను, టైమెంత?” అని అడిగి రాసుకుంటుంది. వెంటనే, “నేను లండన్‌లో ఉన్నాను, టైమెంత?” అంటుంది. అదీ రాసుకుంటుంది. అన్నీ ఒక వరసలో పేర్చి పట్టీలో పెట్టి మళ్ళీ నిద్రపోతుంది. సెకన్ల లెక్క ఒక్కటే, అడిగే ఊరు మారుతోంది.

లినక్స్ మీద సొంతంగా ఇలాంటి పట్టీ రాసుకునే కుర్రాళ్ళకి రెండు జాగ్రత్తలు. ఊరి పేరులో ఒక్క అక్షరం తప్పినా కంప్యూటరు తప్పని చెప్పదు, గ్రీనిచ్ టైము చూపించి ఊరుకుంటుంది. కాబట్టి మొదటిసారి పెట్టాక అక్కడున్న మనిషినే టైము అడిగి సరిచూసుకోండి. ఇంకొకటి, ఆ జాబితాలో ‘జీఎంటీ’ పక్కన ప్లస్, మైనస్ గుర్తులతో కొన్ని పేర్లున్నాయి. అక్కడ గుర్తులు మనం అనుకున్నదానికి తిరగేసి ఉంటాయి. ప్లస్ అయిదు అంటే గ్రీనిచ్‌కి అయిదు గంటలు వెనక అని. వాటి జోలికి వెళ్ళకండి, ఊరి పేరే రాయండి.

విండోస్ వాడేవాళ్ళకి పని ఇంకా తేలిక. సెట్టింగ్స్‌లో తేదీ, టైము ఉన్న చోట ‘అడిషనల్ క్లాక్స్’ అని ఉంటుంది. అక్కడ మీ గడియారం కాక ఇంకో రెండు పెట్టుకోవచ్చు. ఒక్కోదానికి మీకు నచ్చిన పేరు ఇచ్చే గడి కూడా ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. జోను పేరు కాకుండా మనిషి పేరు రాయండి. ‘చిన్నోడు’ అనో, ‘అమ్మాయి’ అనో. అయితే అక్కడ ఆ గడియారాలు పట్టీలో ఎప్పుడూ కనిపించవు. టైము మీద మౌస్ పెడితేనో, నొక్కితేనో కనిపిస్తాయి. నా మటుకు నాకు ఎప్పుడూ కళ్ళ ముందు ఉండేదే మేలనిపిస్తుంది. అమ్మ గోడ మీద గడియారం అలాగే కదా ఉంటుంది. లినక్స్‌లో ఆ వీలుంది, తెర మీద స్థలం కూడా ఎక్కువ తీసుకోదు.

టైముతో పాటు వారం పేరు కూడా కనిపించేలా పెట్టుకోండి. మనకి సోమవారం పొద్దున అయితే డాలస్‌లో ఇంకా ఆదివారం సాయంత్రం. పుట్టినరోజుకి ముందురోజే శుభాకాంక్షలు చెప్పడం, సెలవు రోజున ఆఫీసు పని అడగడం, ఇవన్నీ వారం చూడకపోవడం వల్ల జరిగేవే. అలాగే రైల్వే టైము పెట్టుకోండి, అంటే 24 గంటలది. 18:30 అని కనిపిస్తే పగలా రాత్రా అన్న సందేహం రాదు. మూడు నాలుగు ఊళ్ళకి మించి పెట్టకండి. పది ఊళ్ళు పెట్టుకున్న ఒక స్నేహితుడు ఇప్పుడు ఏ ఊరూ చూడడు.

ఈ గడియారం పెట్టుకున్నాక నాలో ఒక మార్పు వచ్చింది. ఇదివరకు సాయంత్రం ఏదైనా సందేహం వస్తే వెంటనే సిడ్నీలో సహోద్యోగికి ఫోన్ చేసేవాణ్ణి. ఇప్పుడు చెయ్యి ఫోను మీదకి వెళ్ళేలోపే కన్ను పట్టీ మీదకి పోతుంది. అక్కడ 23:40 అని ఉంటుంది. ఆయన పిల్లల్ని పడుకోబెట్టి తనూ పడుకుని ఉంటాడు. ఉత్తరం రాసి పెడతాను, పొద్దున చూసుకుంటాడు. అలాగే అక్కడి వాళ్ళెవరైనా మన అర్ధరాత్రి మీటింగు పెడితే, వాళ్ళ తెర మీద హైదరాబాదు గడియారం లేదని నాకు వెంటనే అర్థమవుతుంది. అడిగి పెట్టిస్తాను. ఇలా పెట్టించాక మా బృందంలో రాత్రి పన్నెండు దాటాక జరిగే మీటింగులు చాలావరకు ఆగాయి. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే పిల్లలు మన హైదరాబాదులో, విశాఖలో చాలామంది ఉన్నారు. అవతలి ఖండంలో ఉన్న వాళ్ళ తెర మీద మన ఊరి టైము కనిపించడం ఈ పిల్లలకి నిజంగా మేలు చేసే సంగతి. దయచేసి అడగండి. అడిగితే ఎవరూ కాదనరు.

అమ్మ గడియారం సంగతి చెప్పడం మరిచాను. ఇప్పుడు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మన సాయంత్రం వేళకి తమ్ముడే ఫోన్ చేస్తాడు. “అమ్మా, స్టూలు ఎక్కొద్దు, పక్కింటి అబ్బాయిని పిలువు” అంటాడు. ఆ అబ్బాయి వచ్చి ముల్లు జరిపి వెళ్తాడు.

మీ ఇంట్లోనూ ఎవరైనా దూర దేశంలో ఉంటే, ఈ ఆదివారం లోపు వాళ్ళ ఊరి గడియారం ఒకటి పెట్టుకోండి. కంప్యూటర్లోనో, ఫోన్లోనో, లేకపోతే గోడ మీదో. గోడ మీద పెట్టుకున్న వాళ్ళు, ఆ ఊళ్ళో గడియారాలు జరిపే ఆదివారాలుంటే, వాటిని క్యాలెండర్లో ఇప్పుడే సున్నా చుట్టి ఉంచుకోండి. వాళ్ళని కూడా మన ఊరి గడియారం ఒకటి పెట్టుకోమని చెప్పండి.